మా లైను పట్టుచీర

నా చిన్నప్పుడు మా లైనులో పట్టుచీర ఒక్కటే ఉండేది. ఇంటికొకటి కాదు, నాలుగిళ్ళకీ కలిపి ఒకటి. కలకత్తా దగ్గర సంత్రాగాఛి యార్డుకి ఆనుకుని రైల్వే క్వార్టర్లు ఉండేవి. ముందు వరసలన్నీ బెంగాలీ బాబులవి. వెనకాల, పట్టాల పక్కన, బొగ్గు మసి పడే వరస మాది. మా నాన్నా, ఇంకో ముగ్గురూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి యార్డులో ఖలాసీలుగా కుదిరినవాళ్ళు. ఆ వరసని అందరూ మద్రాసీ లైను అనేవారు. మేం మద్రాసు మొహం కూడా చూడలేదు, అయినా ఎవరికి చెప్తాం?

ఆ చీర వంకాయ రంగుది. అంచు ఆవపువ్వు రంగు. బొబ్బిలి వైపు నుంచి మూట కట్టుకుని రైల్లో వచ్చిన ఒకాయన దగ్గర నలుగురు ఆడవాళ్ళూ కలిసి తీసుకున్నారట. అది పక్కింటి అత్త ఇనప్పెట్టెలో ఉండేది. ఆ నాలుగిళ్ళలో తాళం పడే పెట్టె ఆవిడ దగ్గరే ఉంది మరి. కట్టుకున్న వాళ్ళు నీడలో ఆరేసి, మడతలు మార్చి మడిచి, వేపాకు వేసి తిరిగి ఇవ్వాలి. ఒకే మడత మీద ఉంచితే పట్టు చిట్లిపోతుందని అత్త చూసి మరీ తీసుకునేది. ఎవరి రవిక వాళ్ళదే. ఈ సంగతి లైను దాటి బయటికి పొక్కకూడదన్నది ఎవరూ పైకి చెప్పని కట్టుబాటు.

అత్త షోకులంటే పడి చచ్చేది. నిప్పులు పోసిన చెంబుతో నూలు చీరని కాగితంలా ఇస్త్రీ చేసేది. చిరిగిన దిండు గలేబు లేసు ఊడదీసి నా గౌనుకి కాలరు కుట్టేది. ఆ గౌను కూడా మా నాన్న యూనిఫాం గుడ్డలో మిగిలిన ముక్కే. ఖాకీ గౌనుకి తెల్ల లేసు కాలరు చూసి మా క్లాసు పిల్లలు ఎక్కడ కొన్నారని అడిగారంటే ఆవిడ చెయ్యి ఎలాంటిదో చూడండి. పట్టుచీర దగ్గరైతే ఇంకా చమత్కారం చేసేది. పైట వెనక్కి వదిలి కడితే ఒక చీర, కుడిభుజం మీంచి ముందుకి తెచ్చి పరిస్తే ఇంకో చీర, అంచు లోపలికి మడిచి సన్నంగా కుచ్చిళ్ళు పెడితే వేరే చీర. దుర్గాపూజ నాలుగు రోజులూ నలుగురికీ వంతు వేసేది. సప్తమి నాడు అత్త, అష్టమి నాడు మా అమ్మ, నవమి నాడు చివరింటి చిన్నమ్మ, దశమి నాడు ఎదురింటి పెద్దమ్మ. కట్టు మారుతుంది కాబట్టి పందిట్లో ఎవరూ పోల్చుకోలేదు. అసలు నిజం చెప్పాలంటే, మా వైపు అంత పరీక్షగా చూసిన వాళ్ళే లేరు. పందిట్లో వెనకాల నిలబడి దణ్ణం పెట్టుకుని వచ్చేసే మనుషులం కదా.

నాకు పదేళ్ళు వచ్చిన ఏడు మాత్రం చూశారు. నా స్నేహితురాలి వాళ్ళమ్మ, యార్డు ఆఫీసులో పెద్ద గుమాస్తా భార్య, అష్టమి పొద్దున్న మా అమ్మని చెయ్యి పట్టి తీసుకెళ్ళి ముందు వరసలో తన పక్కన నిలబెట్టుకుంది. నేను ఆవిడని కాకీమా అనేదాన్ని, బెంగాలీల్లో పిన్నిని అలాగే పిలుస్తారు. చాలా మంచి మనిషి. పువ్వులు చేతికిస్తూ మా అమ్మ చీర అంచు వేళ్ళతో తడిమి, నిన్న మీ పక్కింటావిడ కట్టుకున్నది కూడా ఇదే కదా అని అడిగింది. ఎగతాళి లేదు, మామూలుగానే అడిగింది. చుట్టూ ఉన్న బెంగాలీ ఆడవాళ్ళు తిరిగి చూశారు.

మా అమ్మ బెంగాలీలో తడబడకుండా మాట్లాడటం నేను ఆ రోజే విన్నాను. మేం వదినా మరదళ్ళం, ఇష్టపడి ఇద్దరం ఒకేలాంటివి రెండు తీసుకున్నాం అంది. అబద్ధమని నాకు తెలుసు. అయినా అమ్మ అలా అనగానే నాకు ఎంత హాయిగా అనిపించిందో. రెండు పట్టుచీరలున్న ఇంటి పిల్లనైపోయాను ఒక్క మాటతో. నా స్నేహితురాలి వైపు చూసి నవ్వాను కూడా.

కాకీమా ఎంత సంబరపడిందంటే, అయితే దశమి నాడు మీరిద్దరూ ఆ జంట చీరలు కట్టుకుని రావాలి, అమ్మవారికి సిందూరం పెట్టేటప్పుడు నా పక్కన నిలబడాలి, మా మరిది కెమెరా తెస్తాడు, ఫోటో తీయిస్తాను అంది. మా అమ్మ నవ్వుతూనే తలూపింది. ఇంటికొచ్చే దారంతా నా చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకుంది.

విషయం విన్న అత్త మొదట పకపకా నవ్వింది. తర్వాత మా అమ్మ కళ్ళు చూసి ఊరుకుంది. ఆ మధ్యాహ్నం నలుగురూ మా గుమ్మం దగ్గర కూర్చున్నారు. జ్వరమని పడుకుంటానంది మా అమ్మ. ఆవిడ నిన్ను చూడటానికి ఇంటికొస్తే ఎలా, అంది పెద్దమ్మ. చివరికి అత్త పాత తెల్ల మల్లు చీర తీసింది. దానికి వంకాయ రంగు వేస్తే దూరం నుంచి పట్టులా కనిపించకపోదని ఒక ఆశ. బజారు నుంచి రంగు పొట్లాలు తెచ్చారు, కుంపటి మీద బాల్చీ పెట్టారు, ఉప్పేశారు, కర్రతో తిప్పారు. మోచేతుల దాకా రంగు పులుముకున్నారు. ఆరేసి చూస్తే ఒకచోట ముదురు, ఒకచోట లేత, మధ్యలో చారలు. నేరేడుపళ్ళు తిని ఉమ్మినట్టుంది. చిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది, నవ్వు ఆగక. మా అమ్మకి మాత్రం నవ్వు రాలేదు.

నవమి నాడు ఆ చిన్నమ్మ నవ్వు కూడా పోయింది. ఆ రోజు పట్టుచీర వంతు ఆ పిల్లది. నలుగురిలోకీ చిన్నది, ఏడాది పొడుగునా ఆ రోజు కోసమే ఎదురుచూసేది. పొద్దున్నే తలంటుకుని, జడ వేసుకుని, పూలు పెట్టుకుని అత్త గుమ్మం దగ్గరకి వచ్చింది. అత్త ఏం చెప్పిందో నాకు వినిపించలేదు. మద్రాసీ లైనులో ఆ రంగు చీరలు రెండే అని పందిరంతా తెలిసిపోయాక, మూడో మనిషి అదే చీరతో ఎలా వెళ్తుంది? చిన్నమ్మ వెనక్కి వెళ్ళి తన గడప మీద కూర్చుంది, ఇంటి చీరలోనే, తల్లో పూలతో. సాయంత్రం డప్పులు మోగుతుంటే కూడా అక్కడే కూర్చుంది. నేను ఆ గడప ముందు నుంచే రెండు మూడుసార్లు అటూ ఇటూ తిరిగాను. ఆ పిల్ల మొహం చూడటానికి నాకు మొహం చెల్లలేదు.

దశమి వంతు పెద్దమ్మది. ఆవిడ అడగనైనా అడగలేదు. మీరెలిపోండర్రా, నాకు మోకాళ్ళు నొప్పులు అనేసింది. మా అమ్మ పట్టుచీర కట్టుకుంది. అత్త ఆ చారల మల్లు చీరకి గంజి పెట్టి, చెంబుతో ఇస్త్రీ చేసి, రాణీగారిలా కట్టుకుని బయటికి వచ్చింది. దార్లో మా అమ్మ ఏం చెప్పాలో అత్తకి పాఠంలా నేర్పింది. నీ పట్టుచీర ఎలక కొట్టేసింది, అందుకే ఇది కట్టుకొచ్చావు, అంతే, ఇంకో మాట వద్దు వదినా అని. అత్త ఊఁ కొట్టింది. నేను అమ్మవారికి మొక్కుకున్నాను, ఈ ఒక్క పూట గట్టెక్కించమని.

పందిట్లో ఆడవాళ్ళు పళ్ళాల్లో తమలపాకులు, మిఠాయిలు, సిందూరం పట్టుకుని వరసలో ఉన్నారు. కాకీమా మమ్మల్ని చూసి ఎదురొచ్చింది. మా అమ్మని చూసింది, అత్తని చూసింది, ఆ చారలు చూసింది, ఇద్దరి మోచేతుల మీద ఇంకా వదలని రంగు చూసింది. అదేమిటి, మీ చీర ఏమైంది అని అడిగింది. మా అమ్మ నోరు తెరవబోయింది. అత్త మా అమ్మ మణికట్టు పట్టుకుని, తనకొచ్చిన నాలుగు ముక్కల బెంగాలీలో చెప్పేసింది.

“శాడి ఎక్‌టాయి, దిది. ఆమ్రా చార్‌జన్ పొరి.”

చీర ఒక్కటే అక్కా, మేం నలుగురం కట్టుకుంటాం అని. అంతే. గొంతు తగ్గించి చెప్పలేదు, గట్టిగానూ చెప్పలేదు. కూర ఏం వండావంటే చెప్పినట్టు చెప్పింది. నాకు చెవులు గుంయ్‌మన్నాయి. నా స్నేహితురాలు నా పక్కనే ఉంది. అష్టమి నాడు నేను దానివైపు చూసి నవ్విన నవ్వు నాకే గుర్తొచ్చి, భూమి చీలితే దూరిపోదామనిపించింది. మా అమ్మ తల ఎత్తలేదు. మెడ దాకా ఎర్రబడింది.

కాకీమా మా ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. ఏదో అంటుందని నేను కళ్ళు మూసుకున్నాను. మిగతా ఇద్దరూ ఏరి అని అడిగింది. ఇంటి దగ్గరున్నారంది అత్త. కాకీమా నా వైపు తిరిగి, పరిగెత్తి వెళ్ళి వాళ్ళని పిలుచుకురా, నలుగురూ లేకుండా ఫోటో ఏమిటి అంది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా పట్టాల పక్కనుంచి పరిగెత్తాను. అక్కడి నుంచి తప్పించుకోవడానికి పరిగెత్తానో, వాళ్ళని పిలవడానికి పరిగెత్తానో నాకే తెలియదు.

పెద్దమ్మ పొయ్యి దగ్గర ఉంది, నేను పిలిస్తే వినిపించనట్టే ఉండిపోయింది. చిన్నమ్మ గడప మీదే కూర్చుని బియ్యం ఏరుతోంది. తల్లో నిన్నటి పూలు వాడిపోయి ఉన్నాయి. నేను ఆయాసపడుతూ, నిన్ను రమ్మంటున్నారు, ఫోటోకి, అందరూ రావాలట అన్నాను. ఆ పిల్ల చాటలోంచి తల ఎత్తి నా వైపు చూసింది.

“ఏటి కట్టుకుని రమ్మంతావే?”

కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. కట్టుకోవడానికి ఉన్న ఒక్క పట్టుచీరా మా అమ్మ ఒంటి మీద ఉంది. అంతదాకా నాకున్న సిగ్గంతా మా బీదరికం బయటపడినందుకు. ఆ గడప ముందు పుట్టిన సిగ్గు వేరే రకంది. అది ఎలా చెప్పాలో ఇన్నేళ్ళకీ నాకు సరైన మాట దొరకలేదు. ఒంటరిగానే వెనక్కి వచ్చాను.

నేను వచ్చేసరికి సిందూరం ఆట మొదలైపోయింది. దశమి నాడు ముత్తయిదువలు ఒకరి మొహానికి ఒకరు సిందూరం పులుముకుంటారు, పాపిట్లో పెడతారు, బుగ్గలకి రాస్తారు, చీరల మీద పడినా ఎవరూ పట్టించుకోరు. మా అమ్మ భుజాల చుట్టూ మాత్రం ఎర్రగళ్ళ తువ్వాలు ఒకటి కప్పి ఉంది. కాకీమాయే కప్పిందట, నలుగురి చీర పాడవకూడదని. వచ్చిన ప్రతి ఆవిడా రెండు వేళ్ళతో ముట్టీ ముట్టనట్టు మా అమ్మ నుదుటి మీద కొంచెం పెట్టి, జాగ్రత్తగా వెనక్కి జరుగుతోంది. గాజు బొమ్మకి పెట్టినట్టు. మా అమ్మ చేతులు దగ్గరకి పెట్టుకుని, ఎటూ కదలకుండా, నవ్వే ప్రయత్నం చేస్తూ నిలబడి ఉంది.

అత్తని మాత్రం ఎవరూ వదల్లేదు. ఎలాగూ పాడైన చీర కదా. బుగ్గలు, మెడ, చెవులు, ముక్కు, అంతా ఎరుపే. ఆవిడా ఊరుకోలేదు, పెద్ద గుమాస్తా భార్య అని కూడా చూడకుండా కాకీమా మొహాన రెండు చేతులా పులిమేసింది. అందరూ పడీ పడీ నవ్వారు. ఆ పందిట్లో అంత బాగా ముస్తాబై వచ్చింది మా అమ్మ. ఆ పూట పండగ చేసుకుంది మాత్రం అత్త. తువ్వాలు కింద నిలబడ్డ మా అమ్మని చూస్తే నాకు ఏడుపొచ్చింది.

మిగతా ఇద్దరూ రావట్లేదని నేను చెప్పాక, ఉన్నవాళ్ళతోనే ఫోటో తీశారు. మధ్యలో కాకీమా, చెరో పక్కా మా వాళ్ళిద్దరూ. ఫోటోకని తువ్వాలు తీసేశారు, అవ్వగానే మళ్ళీ కప్పారు.

ఇల్లు చేరి తలుపు వేశాక మా అమ్మ అత్త మీద విరుచుకుపడింది. నలుగురిలో నా పరువు తీసేసావు కదా ఒదినా, ఎలక కొట్టీసిందని ఒక్క ముక్క చెప్పలేకపోయావా, ఇంక ఆ ఆడోళ్ళ మొహం ఎలగ చూడను అని ఏడ్చింది. అత్త బాల్చీ నీళ్ళతో మొహం కడుక్కుంది. ఎంత కడిగినా ఎరుపు పూర్తిగా పోలేదు. తుడుచుకుంటూ, కోపం లేని గొంతుతో అంది.

“రెండు సీరలు, మనిద్దరివీ అని సెప్పీసినావు. మరి ఆలిద్దరూ ఏటయిపోవాలే? ఇంకెప్పుడైనా ఆ సీర కట్టుకుని గుమ్మం దిగగలరా?”

మా అమ్మ ఏడుపు ఆగిపోయింది. గోడకి ఆనుకుని అలాగే కూర్చుండిపోయింది. నేను తలుపు మూల నుంచి చూస్తున్నాను. అప్పటిదాకా ఆ అబద్ధం వల్ల ఎవరికీ ఏమీ పోలేదనే అనుకున్నాను నేను. మా అమ్మ కూడా అలాగే అనుకుని ఉంటుంది. మనకి కొంచెం గొప్ప కలిసొస్తే ఎవరి సొమ్ము పోయిందిలే అనుకుంటాం. పోయింది చిన్నమ్మ నవమి. పోయింది పెద్దమ్మ దశమి. మేం కట్టుకున్న గొప్ప వాళ్ళ ఒంటి మీంచి లాక్కున్నదే.

ఆ తర్వాత చాన్నాళ్ళు మా అమ్మ అత్తతో ముభావంగానే ఉంది. ఒక్క రోజులో మనసులు కడిగినట్టు అయిపోవడం కథల్లో చూస్తాం గానీ మా లైనులో అలా జరగలేదు. కుళాయి దగ్గర ఎదురైతే బిందె చూసుకునేది. కానీ దీపావళికి వచ్చే కాళీపూజ నాడు చిన్నమ్మకి పట్టుచీర కట్టింది మా అమ్మే. ఎవరూ అడగలేదు. అత్త ఇంటికి వెళ్ళి పెట్టె తీయించి, చీర తెచ్చి, ఆ పిల్ల కాళ్ళ దగ్గర కూర్చుని ఒక్కొక్క కుచ్చీ సర్దింది. ఆ కుచ్చిళ్ళు పెడుతున్నంతసేపూ తల వంచుకునే ఉంది. చిన్నమ్మ ముందు వరసల మీదుగా, పట్టపగలు, నేరుగా నడిచి వెళ్ళింది. నేను వెనకాలే వెళ్ళాను. కాకీమా వరండాలోంచి చూసి, “ఆజ్ తోమార్ పాలా?” అని అడిగింది, ఇవాళ నీ వంతా అని. చిన్నమ్మ పెద్దగా నవ్వి అవునంది. ఇంకో ఇంట్లో ఎవరో కిసుక్కుమన్నారు, అదీ నాకు వినిపించింది. రెండూ నిజమే. ఆ చీర గురించి స్కూల్లో నన్ను ఆటపట్టించిన వాళ్ళు కూడా ఉన్నారు, నేను ఆ మాటలకి అలవాటు పడలేదు.

ఇప్పుడు ఆ నలుగురూ లేరు. ఆ చీరా లేదు, మడతల దగ్గర చిట్లి చిట్లి పోగులైపోయింది. ఫోటో మాత్రం మా ముందు గదిలో ఉంది. అది నలుపూ తెలుపూ ఫోటో. ఆ రోజుల్లో రంగు ఫోటోలు మాకెక్కడివి? అందులో పట్టుచీరా, చారల మల్లు చీరా ఒకే రంగులో కనిపిస్తాయి. చారలూ, అంచు తేడా పైట మడతల్లో కలిసిపోయాయి. అంత హడావిడి చేసి, రంగు పొట్లాలు ఉడకబెట్టి, నిజం చెప్పి నలుగురిలో తల వంచుకుంటే, చివరికి ఫోటో మా అమ్మ అబద్ధాన్నే నిజం చేసి కూర్చుంది. చూసిన ప్రతి వాళ్ళూ ముందు అదే అంటారు, ఇద్దరూ ఒకేలాంటి చీరలు కట్టుకున్నారే అని.

మొన్న మా పై అంతస్తులోకి హైదరాబాదు నుంచి ఒక అమ్మాయి వచ్చింది, కంప్యూటర్ ఉద్యోగం. చక్కెర కోసం వచ్చి ఫోటో ముందు ఆగింది. ఆ రోజుల్లోనే మ్యాచింగ్ పట్టుచీరలా ఆంటీ, మీవాళ్ళు బాగా ఉన్నవాళ్ళే అనుకుంటా అంది. ఆ పిల్లకి ఏం తెలుసు, ముచ్చటపడి అంది. అవునమ్మా అనేస్తే సరిపోతుంది. ప్రతిసారీ ఆ అవును నా నాలుక చివరి దాకా వస్తుంది. ఈ వయసులో కూడా చెవులు వేడెక్కుతాయి, పదేళ్ళ పిల్లకి ఎక్కినట్టే. అత్తలాగ తేలిగ్గా చెప్పడం నాకు ఎన్నడూ చేతకాలేదు.

సిగ్గుపడుతూనే చెప్పాను. పట్టుచీర ఒక్కటేనమ్మా, ఆ రెండోది ఇంట్లో రంగేసిన పాత మల్లు చీర, ఆ పట్టుది కూడా మా అమ్మ ఒక్కదానిదీ కాదు, నలుగురిది అని. ఆ అమ్మాయి మళ్ళీ ఫోటోలోకి చూసి, మరి ఇందులో మీ వాళ్ళు ఇద్దరే ఉన్నారు కదా, మిగతా ఇద్దరూ ఏరి అని అడిగింది. కాకీమా అడిగిన మాటే. కుర్చీ లాగి కూర్చోమన్నాను. ఆ ఫోటో తీసిన రోజు చీర వంతు పెద్దమ్మది, ముందు రోజు వంతు చిన్నమ్మది అని మొదలుపెట్టాను.